రేకుల మీద అడుగులు

నాకు అక్షరాలు వచ్చింది మనవలు పుట్టాక. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం ఎక్కడైనా జారిపోయినా చదివేవాళ్లే సర్దుకోవాలి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, కాబట్టి ఊరికే సాగదీయను. కథలోకి వస్తాను.

ఆ రోజు పొద్దున కోడలు టీ గ్లాసు పట్టుకుని మేడ మీది గదికి వెళ్లింది. అత్తయ్య గదిలో లేదు. స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడు వస్తోంది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టబోయి కోడలు అలాగే ఆగిపోయింది.

ఆ గదికి వెనకవైపు గోడ దాదాపు మొత్తం ఒకటే అద్దం. ఆ అద్దం మీద, బయటివైపు, ఒక ఆకారం ఉంది. ఎవరో చేతులు రెండూ చాపి వచ్చి అద్దాన్ని హత్తుకుని వెళ్లినట్టుంది. బూడిద రంగులో, పలుచగా, ఊదితే పోయేట్టుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అవి చేతులు కావు, రెక్కలు. ఒక్కొక్క ఈకా విడివిడిగా, సన్నటి కుంచెతో గీసినట్టు కనిపిస్తోంది. వాటి మధ్యన గుండ్రంగా తల. కన్ను ఉండాల్సిన చోట చిన్న ఖాళీ. ఆ ఖాళీ గదిలోకి చూస్తున్నట్టే ఉంది.

చేతిలో ఫోన్ ఉంది కాబట్టి రెండు ఫోటోలు తీసి, గ్లాసు గట్టు మీద పెట్టేసి కిందికి పరిగెత్తింది.

కింద ముందుగదే వాళ్ల అద్దాల దుకాణం. భర్త చెవి మీద పెన్సిలు పెట్టుకుని, బల్ల మీది అద్దానికి కొలత తీస్తున్నాడు.

"ఏమండీ, ఒక్కసారి పైకి రండి. అత్తయ్య గది అద్దం మీద ఏదో ఉంది."

"ఏముంటుందే? అద్దం మీద దుమ్ముంటుంది."

"దుమ్ముకి రెక్కలుంటాయా?"

కొలబద్ద మీద అతని చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. "పద, వస్తున్నా" అన్నాడు.

వాళ్లు పైకి వెళ్లేసరికి అద్దం నిగనిగలాడుతోంది. తడిజుట్టుతో అత్తయ్య పక్కనున్న కిటికీ రెక్క మూస్తోంది. ఆమె చేతిలో నీళ్లు కారుతున్న పొడుగు కర్ర తుడుపు.

"ఏంట్రా, మొగుడూ పెళ్లాం కలిసి వచ్చారు? ఇల్లు అంటుకుందా?"

"అద్దం మీద ఏమైనా చూశారా అత్తయ్యా?"

"ఏముంటుందమ్మా, శుభ్రంగా ఉంటేనూ."

కోడలి కళ్లు గట్టు మీదికి వెళ్లాయి. తను తెచ్చిన గ్లాసు పక్కన ఇంకో గ్లాసు ఉంది. దాన్నిండా టీ. పైన మీగడ కట్టి చాలాసేపయింది. ఆ టీ తను పెట్టింది కాదు, గది మూలనున్న చిన్న స్టవ్ మీద అత్తయ్య కాచింది.

కోడలు బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో పని చేస్తుంది. రోజూ పనికి వెళ్లేముందు పెరట్లో నిలబడి ఒక ఫోటో తీయడం ఆమెకు అలవాటు. దుకాణం వెనక వసారాకు ఏటవాలు రేకులున్నాయి. ఆ రేకుల అంచున మట్టిమూకుడులో నీళ్లు పోసి ఉంచుతుంది. నీళ్లకి ఎవరొస్తే వాళ్ల ఫోటో తీస్తుంది. పిచ్చుక, గోరింక, తూనీగ, ఒకనాడు దండెం మీది దుప్పటిని పువ్వనుకుని వాలిన సీతాకోకచిలుక. ఆ ఫోటోలు డిపో వాళ్ల ఫోన్లకి పంపుతుంది. "మా పిట్టలమ్మ వార్తలొచ్చాయి, ఇక బండి తీయొచ్చు" అని డ్రైవర్లు ఆటపట్టిస్తారు. ఒకప్పుడు అక్కడి మెకానిక్కులు షెడ్డు దూలాల మీది గూళ్లు కర్రతో పొడిచి పడేసేవాళ్లు. గూట్లోంచి నోళ్లు తెరిచిన పిల్లల ఫోటో వాళ్ల ఫోన్లకి వెళ్లాక, ఆ దూలం కింద బస్సు నిలపడం కూడా మానేశారు. "రెట్ట పడితే ఎవడు కడుగుతాడు?" అని పైకి సాకు చెప్పుకున్నారంతే.

అయితే ఈ మధ్య మూకుడు దగ్గరికి ఎవరూ రావడం లేదు. పోసిన నీళ్లు పోసినట్టే ఉంటున్నాయి. చాలా ఫోటోల్లో ఉత్త రేకులూ, వెనక ఆ అద్దమూ. అద్దంలో ఆకాశం, పెరటి చెట్లు. బయటి నుంచి చూస్తే అక్కడ ఇల్లున్నట్టే ఉండదు, చెట్ల వెనక ఇంకా చెట్లున్నట్టుంటుంది.

ఆ అద్దం మామయ్య బిగించింది. ఆయన ఆఖరి పని అదే. కూర్చున్నచోటు నుంచే భార్యకి చెట్లు కనబడాలని ముచ్చటపడి బిగించాడు, ఆ తర్వాత కొద్దిరోజులకే పోయాడు. అప్పటి నుంచి అత్తయ్య అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. నడుస్తుంటే చీర ఒక్కటే నడుస్తున్నట్టుండేది. నెలరోజులుగా మాత్రం ఉన్నట్టుండి తేరుకుంది. పైకి పంపిన పళ్లెం ఖాళీగా వస్తోంది. ఎలాగని ఇంట్లో ఎవరూ అడగలేదు. తింటోంది, అదే చాలు అనుకున్నారు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే కోడలు చెప్పులు విడిచి మెట్లెక్కింది. తలుపు ఓరగా వేసి ఉంది.

అత్తయ్య ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, అద్దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గట్టు మీద రెండు టీలు. బయట చెట్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"ఇవాళ మీకిష్టమని పంచదార కాస్త ఎక్కువ వేశాను" అంటోంది అత్తయ్య, అద్దంతో. "మన అబ్బాయికి పెద్ద పని దొరికేలా ఉంది. మీరే ఉంటే కొలతలు సరిచూసేవారు. చలిలో ఎందుకండీ ఈ రావడం? ఎండెక్కాక రాకూడదూ?"

 కోడలు వెనక్కి తిరిగి వెళ్లిపోబోయి, తలుపు సందు దగ్గరే ఆగింది.

కాసేపటికి చెట్ల మీద బూడిద వెలుగు పడింది. ఉన్నట్టుండి అద్దం నడుమ టప్పుమని చప్పుడైంది, తడిబట్ట విసిరికొట్టినట్టు. ఆ వెంటనే కింద రేకుల మీద జరజరమని ఏదో జారింది. తర్వాత అంతా నిశ్శబ్దం.

"అబ్బ, నెమ్మదిగా కొట్టకూడదూ? మేలుకునే ఉన్నానుగా" అంది అత్తయ్య. ఆమె మొహం పెళ్లికూతురి మొహంలా ఉంది. "అప్పుడే వెళ్లిపోతున్నారా? రేకులు తడిగా ఉంటాయి, చూసి నడవండి."

తర్వాత లేచి, పక్క రెక్క తెరిచి, కర్ర తుడుపుతో అద్దం మీది రెక్కల ముద్రను తుడవసాగింది. పసిపిల్లవాడి మొహం కడిగినంత సుతారంగా తుడిచింది. ఆమెకు దూరపు చూపు ఆనదు. వచ్చింది ఏమిటో ఆమె కళ్లకు తెలియదు, మనసుకు మాత్రం ఎవరో తెలుసు.

కోడలు చప్పుడు చేయకుండా దిగి పెరట్లోకి వెళ్లింది. అక్కడ భర్త రేకుల కింద వంగి ఉన్నాడు. అతని చేతిలో అద్దం ముక్కలు పోసే గోనెసంచి ఉంది. అందులో ఏదో వేయబోతూ ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"ఏంటది?"

"ఏం లేదు. నువ్వు లోపలికెళ్లు."

"ఏంటో చూపించండి!"

అతని అరచేతిలో ఒక గువ్వ ఉంది. మెడ వాలిపోయింది. ముక్కు చివర ఒక ఎర్రని చుక్క.

"ఎన్నాళ్ల నుంచి ఇది?"

"అమ్మ తింటున్నప్పటి నుంచి" అన్నాడతను మెల్లగా.

"మీకంతా తెలుసన్నమాట. నిన్న నేను చెబితే దుమ్మన్నారు!"

"ఏం చెప్పమంటావే? అమ్మ నన్ను పిలిచి, మీ నాన్న పొద్దున్నే వచ్చి అద్దం తట్టి వెళ్తున్నారు, ఆయనొస్తుంటే నేను తినకపోతే బాధపడతారురా అంది. ఆ పూట ముద్ద నోట్లో పెట్టుకుంది. వచ్చేది నాన్న కాదమ్మా, చచ్చిపోతున్న పిట్టలు అని ఏ నోటితో చెప్పను?"

"అందుకని రోజూ తెల్లారేసరికి శవాలు ఏరుతున్నారా?"

"గట్టిగా మాట్లాడకు."

"మూకుడు దగ్గరికి ఎవరూ రావడం లేదని నేను బెంగపడుతుంటే, వచ్చినవాళ్లందరినీ మీరు సంచిలో వేస్తున్నారన్నమాట. ఇది గూడు కట్టే కాలమండీ. ఇది పోతే గూట్లో దీని పిల్లలు కూడా పోతాయి."

"నాకు మా అమ్మ ముఖ్యం. పిట్టలు ఇంకా వస్తాయి. అమ్మ వస్తుందా?"

 కోడలు చెయ్యి చాపింది. అతను గువ్వను ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు తెలిసింది, దాని ప్రాణం ఇంకా పోలేదు. ఈకల కింద చిన్న గుండె ఎగిరెగిరి కొట్టుకుంటోంది.

కోడలు ఒక్క క్షణం ఆగలేదు. దాన్ని కొంగులో చుట్టుకుని మెట్లెక్కింది. "ఒసేయ్, వద్దే! నా మాట విను!" అంటూ భర్త వెనకే వచ్చాడు.

అత్తయ్య రెండో టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. కోడలు ఆమె కాళ్ల దగ్గర చతికిలబడింది.

"అత్తయ్యా, మీ చేతులిలా ఇవ్వండి."

"ఏంటమ్మా? కొంగులో ఏముంది?"

కోడలు గువ్వను ఆమె దోసిట్లో ఉంచింది. అత్తయ్య ఉలిక్కిపడింది, కానీ చేతులు తీయలేదు. ముడతల వేళ్ల మధ్య ఆ వెచ్చదనం కాసేపు కొట్టుకుంది. తర్వాత గువ్వ ఒకసారి ఒళ్లంతా సాగదీసింది. ఆ తర్వాత ఏమీ లేదు. గదిలో ముగ్గురికీ తెలిసింది.

"ఈయనేనా?" అంది అత్తయ్య. వినబడీ వినబడకుండా అంది.

"ఎవరూ కాదత్తయ్యా. గువ్వ. ఇందాక మీరు విన్న చప్పుడు ఇదే. రేకుల మీద అడుగులూ ఇదే."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"నన్ను పిచ్చిదానిలా కూర్చోబెట్టారన్నమాట, ఇన్నాళ్లూ."

 కోడలు ఫోన్ తీసి ఆమె మొహం ముందు పట్టుకుంది. దగ్గర చూపు ఆమెకు బాగానే ఆనుతుంది. అత్తయ్య అద్దం మీది ముద్ర చూసింది. తర్వాత కోడలు పాత ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. ఉత్త రేకులు, ఉత్త మూకుడు, అద్దంలో ఆకాశం. ఇంకా వెనక్కి వెళ్తుంటే మూకుడు దగ్గర మెల్లగా జనం చేరారు. గోరింక జంట. నీళ్లు చిమ్ముతూ పిచ్చుక. రెండు గువ్వలు పక్కపక్కన.

"ఆగు" అంది అత్తయ్య. "అద్దం మీద ఈ తెల్లగీతలేంటి?"

కోడలు ఫోటోను పెద్దది చేసింది. అప్పటిదాకా ఆమె పిట్టనే చూసింది కానీ వెనకున్న గీతల్ని చూడలేదు. కొడుకు వంగి చూశాడు.

"నాన్న పెట్టిన సున్నం గుర్తమ్మా అది. కొత్త అద్దం బిగిస్తే కనబడక మనుషులు గుద్దుకుంటారని, తడి సున్నంలో వేళ్లు ముంచి గీస్తాం కదా. అద్దమంతా గీశారు. అది ఉన్నన్నాళ్లూ ఒక్క పిట్ట పడలేదు."

నాలుగేసి గీతలు, పక్కపక్కన. ప్రతి నాలుగింటిలోనూ ఒకటి పొట్టి. ఎప్పుడో అద్దం కోస్తూ మామయ్య కొస పోగొట్టుకున్న నడిమివేలు అది.

అత్తయ్య ఆ పొట్టి గీత మీద వేలు పెట్టింది. ఫోటో జరిగిపోయింది. "తేవే, మళ్లీ తే" అని కంగారుపడింది. కోడలు మళ్లీ తెచ్చింది.

"ఆయన చెయ్యి" అంది. "ఇంట్లోనే ఉంది ఆయన చెయ్యి. నేనే కడిగేశాను. నెల కిందటే కడిగేశాను, అద్దం మురికిగా ఉంటే ఆయనకి కిట్టదని. లోపల నేను కనబడనేమోనని రోజూ తళతళలాడేలా తోమాను. నేను తోమినకొద్దీ ఇవి..."

చేతిలో గువ్వ ఉంది కాబట్టి మొహం కప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది. కన్నీళ్లు కారి ఈకల మీద పడ్డాయి. కొడుకు వచ్చి వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకున్నాడు. "అమ్మా, నాకే ధైర్యం లేకపోయింది" అన్నాడు.

ఆ రోజు అత్తయ్య ఏమీ తినలేదు. మధ్యాహ్నం పళ్లెం వెళ్లినట్టే తిరిగొచ్చింది. భర్త కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. కోడలు డిపోకు సెలవు పెట్టి మెట్ల మీదే కూర్చుంది. మంచి పని చేశానో, ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చానో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం పై నుంచి పిలుపొచ్చింది. "ఒరేయ్, సున్నం ఉందా దుకాణంలో?"

కొడుకు నిచ్చెన వేసుకుని రేకుల మీదికి ఎక్కాడు. సున్నంలో వేళ్లు ముంచి అద్దం మీద గీతలు గీశాడు. లోపల అత్తయ్య నిలబడి పురమాయించింది. "ఆ మూల అంత ఖాళీ ఏంట్రా? గువ్వ దూరదూ అందులోంచి? దగ్గరగా గీయి. పని దొంగవి నువ్వు, ఆయనైతే ఈపాటికి రెండు అద్దాలు గీసేవారు."

"వచ్చి నువ్వే గీయకూడదూ?" అన్నాడు కొడుకు. ఆ రోజుకు ఆ ఇంట్లో వినిపించిన మొదటి ఎకసెక్కెం అది.

ఆమె నిజంగానే పక్క రెక్క తెరిచి, చెయ్యి సున్నంలో ముంచి, అందినంత మేర అరచేయి అద్దింది. ఐదు వేళ్లూ తెల్లగా పడ్డాయి.

మర్నాడు వెలుగు రాకముందే ముగ్గురూ పైగదిలో ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరికి వాళ్లే వచ్చారు. చెట్లు నల్లగా ఉన్నాయి. గీతలు గాలిలో వేలాడుతున్న వేళ్లలా కనిపిస్తున్నాయి. చూస్తున్నకొద్దీ అవి కదులుతున్నాయేమో అనిపిస్తోంది. కోడలు భర్త చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

బూడిద వెలుగులో చెట్ల నడుమ నుంచి ఒకటి బయల్దేరింది. నేరుగా గది వైపే వచ్చింది. దగ్గరైన కొద్దీ పెద్దదైంది. అత్తయ్య కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులూ ముందుకు చాపింది. "వద్దు, వద్దు, రాకు" అంది. ఆ అద్దంతో ఆమె రావద్దని అనడం అదే మొదటిసారి.

గీతల ముందు రెక్కలు ఒక్కసారి పైకి లేచాయి. తెల్లటి పొట్ట తళుక్కుమంది. గువ్వ పక్కకి ఒరిగి, ఇంటి కప్పు మీదుగా వెళ్లిపోయింది.

చప్పుడు లేదు. రేకుల మీద అడుగులు లేవు. అత్తయ్య చాలాసేపు అలాగే నిలబడి వింది. ఎండ గదిలోకి వచ్చేదాకా వింది.

"ఇంక రారు" అంది చివరికి.

కోడలు ఏడుపు ఆపుకుంటూ ఆమె పక్కన నిలబడింది. "రారత్తయ్యా."

"అది బతికింది కదా?"

"బతికింది."

అత్తయ్య తల ఆడించింది. కోడలి భుజం పట్టుకుని మెట్ల వైపు తిరిగింది. ఆయన పోయాక ఆమె కిందికి దిగడం అదే మొదలు.

"పదండి. నాకూ ఇంత పెట్టండి. ముగ్గురం కలిసి తిందాం."

అందరూ నన్ను పలకమ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చిన్న కూతురి ఇంట్లో, పెరటివైపు గదిలో ఉంటున్నాను.