చెరగని పాత వెర్షన్

పుష్పకుమారి గుమ్మంలో రెండు రకాల సిగరెట్ల వాసన వస్తోందని పక్కింటి నారాయణమ్మ అందట. ఆ మాటను పాలు పోసే తాయారు మోసుకొచ్చి, ఉక్కునగరం పాలబూత్ దగ్గర ఏసీ మెకానిక్ ఫ్రాన్సిస్ చెవిన వేసింది.

"ఒకటి మన సరుకేనట. రెండోది దొరల సరుకట. పెళ్ళి కావాల్సిన పిల్లకి ఇదేటి బుద్ది!"

మన సరుకు ఫ్రాన్సిస్‌దే. మెకానిక్ వేషం కింద అతను సీక్రెట్ ఏజెంట్. పుష్పకుమారీ ఏజెంటే, పోర్టు కంప్యూటర్ గదిలో ప్రోగ్రామర్‌గా ఉంది. అతనికి కాబోయే భార్య. బాధ రావాలి. రాలేదు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సముద్రం?" అని చీఫ్ సంకేతపదం అడిగాడు.

"పోటు మీదుంది," అని బదులు సంకేతం చెప్పి, రెండు సిగరెట్ల సంగతి చెప్పాడు ఫ్రాన్సిస్.

"నీ రెండో సిగరెట్ మనిషి ఇందాకే దొరికాడు. నోరు విప్పాడు. పుష్ప డబుల్ ఏజెంట్. ఏ ఓడని ఏ బెర్త్‌లో కట్టాలో చెప్పే ప్రోగ్రామ్‌కి వాడి ముఠా ఇచ్చిన కొత్త వెర్షన్ ఎక్కించింది. మందుగుండు ఓడ వస్తోంది. దాన్ని పెట్రోల్ ట్యాంకర్ పక్కన కట్టిస్తుంది. పోర్టులో ఎవరు వాళ్ళ మనిషో తెలీదు. నువ్వే వెళ్ళు."

స్కూటర్ ఎక్కాడు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచాడు. లోపల పట్టుచీరలో పుష్పకుమారి లిప్‌స్టిక్ గొట్టం అతని వైపు తిప్పింది. అది పిస్టల్. ట్రైనింగ్‌లో తనే ఇచ్చాడు. పానా విసిరాడు. గొట్టం ఎగిరి పడింది.

"ఆలస్యమైంది ఫ్రాన్సిస్," అంది దెబ్బ తగిలిన తన చెయ్యి పట్టుకుని. "పాతది లేదు. రాజుగారు చెరిపేశారు."

మెషిన్ ముందు కూర్చున్న ఇన్‌చార్జి సన్యాసిరాజు మెడ గోక్కున్నాడు. "సెరిపీసినానని సెప్పినానమ్మా. సెరపలేదు. ముహూర్తం సూసి, కొబ్బరికాయ కొట్టి ఎక్కించినాం దాన్ని. ఎలా సెరుపుతాం?"

"ఒకే మెషిన్లో రెండూనా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"ఒకింట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండరేటి బావా? గదులు వేరైతే సాలు. ఊరికే పిలిస్తే కొత్తది పలుకుతాది. గది పేరు కూడా పెట్టి పిలిస్తే పాతది."

వైర్‌లెస్ గరగరలాడింది. "ఓడ ఛానెల్లోకి వచ్చేసింది. బెర్త్ చెప్పండి. ఓవర్."

"పాతదాన్ని పిలువు!" అన్నాడు ఫ్రాన్సిస్.

సన్యాసిరాజు ఒంటివేలితో టైపు చేశాడు. ప్రింటర్ కదిలింది. ట్యాంకర్‌కు దూరంగా, అవతలి గట్టున బెర్త్. ఫ్రాన్సిస్ మైకులో చదివాడు. కిటికీలోంచి చూస్తే ఓడ ముక్కు నెమ్మదిగా అటు తిరిగింది.

చీఫ్ మనుషులు వచ్చి పుష్పకుమారిని తీసుకెళ్ళారు. ఆమె వెనక్కి చూడలేదు. గుమ్మం బయట ఆమె చెప్పులు ఉండిపోయాయి. ఫ్రాన్సిస్ వంగి వాటిని సరిగ్గా పక్కపక్కన పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు.

ఫోన్ మోగింది. చీఫ్ చెప్పిందే ఫ్రాన్సిస్ సన్యాసిరాజుకు చెప్పాడు.

"ఆ కొత్తదాన్ని ఇప్పుడే చెరిపెయ్యాలట."

"అదీ ముహూర్తం సూసే ఎక్కించినాం బావా."