పన్నెండు శాతం మనిషి

పక్క దేశం కెలాంబా అధ్యక్ష ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డ డాక్టర్ ఏసుబాబును వెనక నుంచి నడిపిస్తున్నది ఆయన బద్ధశత్రువులేనని, చోవా చూ కాంగ్ ఫుడ్ కోర్టులో ఒక టిష్యూ ప్యాకెట్ విప్పగానే సరయుకు తెలిసిపోయింది.

టిష్యూల మడతలో గోరంత మెమరీ కార్డు. దాన్ని వాచీకి తగిలించి చూసింది. ఏదో హోటల్ లాంజ్. సోఫాలో తారాదేవి. ఏసుబాబు ప్రెస్ సెక్రటరీ. చూసినవాడు ఇంకోసారి చూడకుండా ఉండలేని మనిషి. ఎదురుగా కెలాంబా మిలిటరీ ఇంటెలిజెన్స్ కల్నల్.

"డాక్టర్ పోటీలో ఉన్నంతకాలం గెలుపు మనదే" అంటున్నాడు కల్నల్.

తారాదేవి నవ్వి గ్లాసు ఎత్తింది.

సరయు ఆ పూట క్లీనర్ వేషంలో ఉంది. నెరిసిన విగ్గు, ట్రేల బండి, కొంచెం వంగిన నడుము. భోజనాల వేళ. జనం ప్లేట్లు పట్టుకుని సీట్ల కోసం తిరుగుతున్నారు. ఆ మూల టేబుల్ మీద మాత్రం టిష్యూ ప్యాకెట్ ఒక్కటే, గంట నుంచి, మహారాజులా కూర్చుని ఉంది. ఎవరూ కదపలేదు. ఇక్కడ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు చోప్, అంటే రిజర్వ్ చేసినట్టే. మనిషి లేకపోయినా సీటు అతనిదే.

చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"కోపీలో చక్కెర ఎంత?"

"కోసోంగ్" అంది సరయు. ఇక్కడి కాఫీ కొట్లలో చక్కెర అసలు లేదని అర్థం. సరుకు చేతికొచ్చిందని కోడ్.

అవతల ఉన్నది సూర్యారావు. నార్త్ డెస్క్ అనే బోర్డు లేని గూఢచారి ఆఫీసుకు చీఫ్. ఆయన ముత్తాత కాకినాడలో ఓడెక్కి ఇక్కడ దిగాడు. సరయుకు ఈ పని నేర్పింది ఆయనే. ఈ డ్రాప్ సంగతి చెప్పి పంపిందీ ఆయనే. కెలాంబా నుంచి కొత్తగా దిగిన గూఢచారులు పెడతారు, వాళ్ల మనిషి వచ్చేలోపు తీసెయ్ అన్నాడు.

"చూశావామ్మా?"

"చూశా అంకుల్. తారాదేవి డబుల్ ఏజెంట్. కన్ఫర్మ్."

"లెక్క గుర్తుందిగా? సర్వేల్లో జనరల్ గారి పులి పార్టీకి నలభై అయిదు. దీపం పార్టీకి నలభై మూడు. మన డాక్టర్‌కి పన్నెండు. చదువుకున్నాడు, జనరల్ని తిడతాడు. ఆ పన్నెండూ ఎవరివి?"

"దీపానివి. ఆయన తప్పుకుంటే దీపం గెలుస్తుంది."

"విత్‌డ్రాయల్ మూడింటికి క్లోజ్. డాక్టర్ ఇక్కడి కెలాంబా కూలీల ఓట్ల కోసం వచ్చి యీషున్‌లో వాళ్ల మేనత్త ఫ్లాట్‌లో ఉన్నాడు. చూపించు. మనం చెబితే వినడు. వీడియో చెబితే వింటాడు."

"ఆయన కూతురు ఇంకా లోపలే కదా అంకుల్?"

"ఉప్పు దీవి జైల్లో, జనరల్ని ఎదిరించిన ఇంకో పదిమంది పిల్లలతో. ప్రణవి. జనరల్ మళ్లీ గెలిస్తే ఆ పిల్ల బయటికి రాదు. పరిగెత్తు."

బాత్రూమ్‌లో విగ్గు ఊడింది. బయటికొచ్చింది జీన్స్ వేసుకున్న సరయు.

ట్రైన్ యూ టీ స్టేషన్ దాటకముందే పక్క సీట్లో సెంటు వాసన.

"నాతో దిగు" అంది తారాదేవి మెల్లగా. "అరవకు. నాకూ నీకూ మంచిది కాదు."

యూ టీలో ఇద్దరూ దిగారు. ప్లాట్‌ఫాం బెంచీ మీద స్నేహితురాళ్లలా కూర్చున్నారు.

"ఆయన్ని ఆపకు సరయూ."

"నా పేరు కూడా చెప్పాడా నీ కల్నల్?"

"కల్నల్ నన్ను నమ్మాలని గ్లాసు ఎత్తాను. నేను పనిచేసేది డాక్టర్ గారికే."

"వీడియోలో నీ మొహం చూశాను."

"చూస్తావు. నువ్వు చూడ్డానికే తీశారు." తారాదేవి ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "నేను ఆయనతో ఊరూరా తిరిగాను. ఆయనకు ఓటేసేది జాలర్లు. సిపాయిల పెళ్లాలు. పిల్లలకు జ్వరమొస్తే ఆయన దగ్గరికి పడవేసుకొచ్చినవాళ్లు. దీపం పార్టీ పట్నపోళ్లదని వాళ్లకు ఒళ్లుమంట. డాక్టర్ లేకపోతే వాళ్లు తిరిగి పులికే గుద్దుతారు. ఆయన ఉంటేనే జనరల్‌కు సగం దాటదు. సగం దాటకపోతే రెండో రౌండ్. రెండో రౌండ్‌లో డాక్టర్ దీపానికి చెయ్యెత్తితే, ఆయన మాట మీద వాళ్లలో చాలామంది అటు తిరుగుతారు."

"కథ బాగుంది."

"కథ కాదే పిచ్చిదానా!"

సరయు లిప్‌స్టిక్ మూత తిప్పింది. చీమ కుట్టినంత మత్తు సూది. తారాదేవి తల మెల్లగా గోడకు వాలింది. సరయు ఆమె చేతుల్ని ఒళ్లో సర్ది, పక్క సీట్లో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టింది. ఇక ఎవరూ వచ్చి ఆనుకుని కూర్చోరు. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. తర్వాతి ట్రైన్ ఎక్కింది.

యీషున్‌లో తలుపు తీసింది మేనత్త కుమారమ్మ. చేతిలో గరిటె.

"మకాన్ అయిందా అమ్మా? తినలేదా? కూర్చో. నాలుగు ముద్దలు తిను."

"ఆంటీ, డాక్టర్ గారితో అర్జెంటు."

ఏసుబాబు హాల్లో నేల మీద కూర్చుని, షిప్‌యార్డులో పనిచేసే కెలాంబా కుర్రాడి మోచేతికి కట్టు కడుతున్నాడు. డాక్టర్‌ది తాతల నాడు కెలాంబా చెరుకు తోటల్లోకి వెళ్లిన కుటుంబం. మూడు తరాలు దాటినా ఆయన తెలుగులో తూర్పు తీరపు యాస పోలేదు. సరయు వాచీలో వీడియో రెండుసార్లు చూశాడు. కట్టు ముడి వేయడం పూర్తి చేశాడు.

"తారమ్మేనా ఇది?"

"అవునండీ."

"మా ఇంట్లో కూచుని గంజి తాగింది ఈ పిల్ల."

"టైమ్ లేదు సార్."

"నేను గెలవనని నాకు తెలుసమ్మా. గెలవడానికి నిలబడలేదు. రెండిట్లో ఏదో ఒకటి మింగి చావాలా, మూడోది లేదా అని అడగడానికి నిలబడ్డాను." కిటికీ వైపు చూశాడు. "నా వల్ల మా ప్రణవి లోపలే ఉండిపోతాదా?"

సరయు తలూపింది.

"దాంతో పాటు లోపలున్న పదిమంది పిల్లల తల్లిదండ్రులు నా మీద ఆశ పెట్టుకున్నారు. ఏం చెప్పమంటావు వాళ్లకి?"

"మీరు తప్పుకుంటేనే ఆ పిల్లలందరూ బయటికొస్తారని చెప్పండి."

ఆయన ఫోన్ అందుకున్నాడు. ఎలక్షన్ కమిషనర్ స్క్రీన్ మీదకు వచ్చేసరికి మూడు కొట్టడానికి నిమిషం కూడా లేదు. ఏసుబాబు పేరు చెప్పాడు, వేలిముద్ర వేశాడు, తప్పుకుంటున్నానన్నాడు. అవతల స్టాంపు పడ్డ చప్పుడు ఈ ఫ్లాట్‌లో వినిపించింది.

కుమారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పోనీలే నాన్నా, పిల్ల వస్తాది" అంది.

ఆపరేషన్ సక్సెస్. ఆఖరి సెకనులో.

సాయంత్రం సూర్యారావు మళ్లీ చోవా చూ కాంగ్ ఫుడ్ కోర్టుకే రమ్మన్నాడు. సరయు వెళ్లేసరికి ఆయన టేబుల్ దగ్గర లేడు. కోపీ కోసం లైన్లో నిలబడి ఉన్నాడు. మూల టేబుల్ మీద ఆయన టిష్యూ ప్యాకెట్, పక్కనే ఆయన ఫోన్, దాని పక్కన ఆఫీసు తాళాల గుత్తి. అన్నీ విడిచిపెట్టి నిశ్చింతగా వెళ్లాడు.

గోడకున్న టీవీలో కెలాంబా రేవు కనిపిస్తోంది. జాలరి పడవల మీద నిన్నటిదాకా ఉన్న డాక్టర్ గారి తెల్ల జెండాలు దించుతున్నారు. ఒక్కొక్కటిగా పులి జెండాలు లేస్తున్నాయి.

సరయు చూపు టీవీ నుంచి టేబుల్ మీదికి దిగింది. ప్యాకెట్ మీదే ఆగిపోయింది.

నిన్నో మొన్నో దిగిన పరాయి గూఢచారి. ప్రాణంతో సమానమైన కార్డు. మధ్యాహ్నం కిటకిటలాడే హాలు. అలాంటి చోట గంటసేపు టేబుల్ మీద వదిలి వెళ్తాడా? ఎవరూ ముట్టుకోరని వాడికెలా తెలుసు? ఇక్కడ పుట్టి పెరిగినవాడికే ఆ ధైర్యం ఉంటుంది. తను కూడా ఇక్కడే పెరిగింది కాబట్టే అందులో వింత కనిపించలేదు.

సూర్యారావు రెండు కప్పులు దించి కూర్చున్నాడు.

"మధ్యాహ్నం ఆ ప్యాకెట్ పెట్టింది మీరే, అంకుల్."

ఆయన తాళాల గుత్తి తీసి జేబులో వేసుకున్నాడు. కాదనలేదు.

"తారాదేవి ఎక్కడ?"

"తీసుకెళ్లారు. అడగొద్దు."

"ఎందుకు అంకుల్? చెప్పండి, ఎందుకు?"

సూర్యారావు కోపీ కొంచెం తాగాడు. చేదుగా ఉన్నట్టుంది, మొహం చిట్లించాడు.

"జనరల్‌ను ఆ కుర్చీ ఎక్కించినవాళ్లలో నేనొకణ్ణి సరయూ. అప్పట్లో మంచిదే అనుకున్నాను. వాడు దిగితే కోర్టు, కోర్టు అంటే మొదట నా పేరు. ఈ వయసులో జైలంటే భయం. వేరే గొప్ప కారణం ఏమీ లేదు. డాక్టర్‌ను కాల్చేద్దామన్నాడు కల్నల్. వద్దన్నాను. చంపితే జాలర్లు ఏడ్చి, ఆ ఏడుపు మీద దీపానికి వేస్తారు. ఆయన తనంతట తానే తప్పుకోవాలి. నేను చెబితే ఆయన నమ్మడు, నా మొహం అలాంటిది. ఆయన్ని ఒప్పించడానికి అబద్ధం చెప్పని మనిషి కావాలి. మన ఆఫీసంతా వెతికాను. నువ్వొక్కదానివే దొరికావు."