మొహం తిప్పుకున్న నెమళ్లు

"ఏంది మేడం, గిట్ల తాళం ఏసిండ్రు? డిజైన్ ఫోల్డర్ తెరుసుకుంటలేదు!"

పల్సానా చీరల మిల్లులో సాంచెల, అంటే మరమగ్గాల, మాస్టర్ కమలాకర్ అంత గట్టిగా అరిచినా, కంప్యూటర్ ఇన్‌చార్జి సింధూజ తలెత్తలేదు. పిల్ల అందంగా ఉండడం ఒక తంటా, అతని మీదే కోపంగా ఉండడం ఇంకో తంటా!

"మాస్టర్, పోయిన సీజన్‌ల మీవాళ్లు వాట్సాప్‌ల డిజైన్ ఫొటో పెట్టిండ్రు. మనకన్నా ముందే వేరేటోళ్లు మన చీరను మార్కెట్ల పెట్టిండ్రు. మళ్లొకసారి బయటికి పోతే నా నౌకరీ ఖతమ్ అన్నడు సేఠ్. ఇగ ఎవరి ముక్క వాళ్లకే కనపడ్తది."

"బొమ్మ మొత్తం చూడకుంటే ఎట్ల నేస్తరు? మా మీద జర నమ్మకం లేదా?"

"ఉండె. పోగొట్టింది మీరే."

అంతే, మాటలు బంద్. సాయంత్రం ఇళ్లున్న అడాజన్ వెళ్లే కంపెనీ బస్సులో ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరూ కిటికీలోంచి వానను చూశారు. వానకేం తెలుసు ఈ అలకలు, ఇద్దరి మీదా చినుకులు చల్లింది.

చివరికి చీర సాంచె దిగింది. కొంగు మీద ఒకదాన్నొకటి చూసుకోవాల్సిన నెమళ్లు, వీపులు ఆనించుకుని నిలబడ్డాయి! కుడి నెమలి పెట్టినవాడికి ఎడమ నెమలి కనపడితేగా!

"కిస్‌కీ గల్తీ హై?" తప్పెవరిదంటూ మిల్లు యజమాని సేఠ్ మండిపడ్డాడు.

"నాదే సేఠ్‌జీ. అందరికీ మూసేశాను," అంది సింధూజ హిందీలో.

గెలిచానని సంబరపడాల్సిన కమలాకర్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఫొటో పెట్టింది మావాళ్లే సేఠ్‌జీ, అందుకే భయపడి మూసింది. నేసే బొమ్మను సాంచెల దగ్గర తెర మీద పెట్టండి. ఫోన్లు గేటు దగ్గరే ఉంచుతాం. మళ్లీ బయటికి పోతే ముందు నన్ను తీసేయండి."

సేఠ్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ధరలకు, వచ్చే సీజన్ డిజైన్లకు తాళం అలాగే ఉంది. నేసే బొమ్మ మాత్రం అందరికీ కనపడింది. ఏదీ గేటు దాటలేదు.

కొత్త చీరలు మార్కెట్‌కు వెళ్లిన రోజు, సింధూజ ఆ పాడైన చీరే కట్టుకుని బస్సెక్కి, అతని పక్కనే కూర్చుంది.

"అయ్యో, గిదెందుకు కట్టినవ్? నెమళ్లు మొకం తిప్పుకున్నయ్ గదా!"

"మనం గూడ గట్లనే ఉంటిమి. నా కోసం నౌకరీ పణంగ పెట్టినోడు, నాతోని మాట్లాడనీకె భయపడ్తడా?"

కమలాకర్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే పానం సింధూజా."

ఆమె సిగ్గుతో నవ్వింది. "ఆదివారం మీ అమ్మను తీసుకొని మా ఇంటికి రా. వాట్సాప్ గ్రూప్‌ల మాత్రం పెట్టకు! ముందుగాల మా బాపుకు తెల్వాలె. తర్వాత మిల్లుల అందరికీ నేనే చెప్త."