వసుమతి కట్టిన గూళ్లు

2094 నాటి విశాఖపట్నంలో కీబోర్డు ముట్టే మనిషి దాదాపు లేడు. కావలసింది గాలిలోకి చెబితే గోడల్లో ఉండే 'సహాయి' అనే యంత్రం విని చేసిపెడుతుంది. పాత ప్రోగ్రాముల సంరక్షణ కేంద్రంలో వసుమతి మాత్రం ఇంకా కమాండ్లు టైపు చేస్తుంది. "నోటితో చెబితే యంత్రం తనకు తోచింది చేస్తుంది. టైపు చేస్తే నేను చెప్పింది చేస్తుంది" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంది.

ఆమె గర్వపడటంలో తప్పేమీ లేదు. 'గూడు' ఆమె కనిపెట్టిందే. పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కొత్త యంత్రాల మీద నడవవు. తాము పుట్టిన నాటి తారీఖు కావాలంటాయి, ఎప్పుడో మూలపడ్డ ప్రింటరు కావాలంటాయి, దొరక్కపోతే అలిగి కూర్చుంటాయి. వెనకటి ఇంజనీర్లు వాటిని కంటైనర్లనే మూసిన అరల్లో పెట్టి ఎలాగోలా నడిపేవారు. వసుమతి ఆ కంటైనరుకు 'సర్దుబాటు' అనే గుణం చేర్చింది. లోపలి ప్రోగ్రాము ఏదడిగితే అది ఉన్నట్టే గూడు చూపిస్తుంది. లేని ప్రింటరులో కాగితం అచ్చయిందని చెబుతుంది. లోకం మారిందన్న సంగతి లోపలికి పొక్కనివ్వదు. ప్రోగ్రాము నిశ్చింతగా పని చేసుకుపోతుంది, దాని ఫలితం మాత్రం బయటికి వస్తుంది.

ఆ ఉదయం అనకాపల్లి నుంచి గవరయ్య వచ్చాడు. ఎనభై అయిదేళ్ల ఆయన ఛాతీలో 2049లో అమర్చిన గుండె పంపు ఉంది. దాన్ని చేసిన కంపెనీ మూతపడి ముప్పై ఏళ్లయింది. అయిదేళ్లకోసారి ఆ పంపు వేగాన్ని మళ్లీ నిర్ణయించకపోతే అది దానంతటదే నెమ్మదించి ఆగిపోతుంది. ఈ వయసులో ఛాతీ తెరిచి పంపు మార్చలేమని డాక్టర్లు చేతులెత్తేశారు. ఈసారి గడువు మధ్యాహ్నం ఒంటిగంట. పంపు మాట వినే ప్రోగ్రాము ఒక్కటే ఉంది, దాని పేరు హృదయలయ. అది వసుమతి గూట్లో తప్ప ఇంకెక్కడా నడవదు.

"కిందటిసారి కూడా నువ్వే సేసినావు గదమ్మా. అందుకే దిగుల్లేకుండా వొచ్చీసినాను" అన్నాడు గవరయ్య చొక్కా గుండీలు విప్పుతూ. పంపు ఉన్నచోట చర్మం కింద చిన్న దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది. అది ఆకుపచ్చగా మారాలి.

"అరగంట పని తాతా. కూర్చో" అంది వసుమతి. ఆయన ఛాతీ మీది పట్టీ నుంచి వచ్చిన తీగను తన బల్లకు తగిలించి టైపు చేసింది.

గూడు కట్టు. పేరు హృదయలయ. సంవత్సరం 2049. పంపుకు దారి తెరువు.

నల్లటి తెర మీద అక్షరాలు బారులు తీరాయి. హృదయలయ లేచింది, 2049లోనే ఉన్నాననుకుంది, ప్రింటరు ఉందా అని అడిగింది, ఉందని గూడు చెప్పింది. వసుమతి వేగం 72 అని ఇచ్చింది. 'పంపు సరిచేయబడింది' అని తెర మీద వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏటమ్మా, అయిపోనాదా?" అన్నాడు గవరయ్య. "నాకైతే ఏటీ తెల్డం నేదు. గుండెల్లో బరువు అలగే ఉన్నాది."

దీపం పసుపుగానే ఉంది. వసుమతి మళ్లీ కమాండు ఇచ్చింది. మళ్లీ 'సరిచేయబడింది' అనే వచ్చింది. మూడోసారీ అంతే. గోడ మీద టైము పన్నెండూ పది. ఆమెకు ఎందుకో అనుమానం వచ్చి తీగను బల్ల నుంచి పీకేసింది. తెర మీద మాత్రం 'పంపు కలిసి ఉంది' అనే ఉంది.

లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఆ గుణం ఆమె రాసిందే. కానీ హృదయలయ గూట్లో పంపుకు దారి ఆమే తెరిచింది. అబద్ధం ఆ గూటిది కాదు, దాని బయట తన బల్ల చుట్టూ ఉన్న ఇంకేదో చెబుతోంది.

కమాండు ఇస్తున్న చోటు గూటి లోపలా బయటా అని తేల్చే ప్రశ్న ఒకటుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఏ గూడూ అబద్ధం చెప్పకూడదని ఆమే నియమం పెట్టింది. తన బల్ల మీద ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

గూటి లోపల. గూటి పేరు వసుమతి. కట్టినవారు ఇలియాస్.

ఇలియాస్ పక్క గదిలో పనిచేసే ఇంజనీరు, పదేళ్లుగా ఆమె శిష్యుడు. పిలవగానే వచ్చాడు. తెర చూశాడు, తీగ చూశాడు, మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది వసుమతి.

"మూడేళ్లు మేడమ్. మీరోసారి ఒక గుర్తు ఎక్కువ కొట్టి సర్వే పటాలన్నీ చెరిపేశారు. వాటిని తిరిగి తేవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అప్పుడే మీ బల్లకు గూడు కట్టాను. అప్పట్నుంచి మీ కమాండ్లు సహాయి సరిచూసి బయటికి పంపుతోంది. ఫైళ్ల వరకే బయటికి దారి పెట్టాను. తీగతో మనిషి వస్తాడని తోచలేదు."

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"బాధపడతారని."

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. అయినా ఇది తగువుకు సమయం కాదు. గవరయ్యను నడిపించుకుని ఇలియాస్ గదికి వెళ్లింది. అక్కడి గోడకు తీగ తగిలించి, మూలనున్న పాత కీబోర్డు లాక్కుని మొదటినుంచీ టైపు చేసింది. ఇలియాస్ వెనకాల నిలబడ్డాడు. ఆమె వేగం ఇచ్చి, ఖాయం చేసే మీట మీదికి వేలు తీసుకెళ్లింది.

"మేడమ్, ఒక సున్నా ఎక్కువ పడింది" అన్నాడు ఇలియాస్ మెల్లగా.

720 అని ఉంది. వసుమతి సున్నా చెరిపి, అంకెలు పైకి చదివి, అతను ఊ అన్నాకే నొక్కింది.

దీపం ఆకుపచ్చగా మారింది. గవరయ్య గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. "ఇప్పుడు కుదురుకున్నాది తల్లీ. మీ ఇద్దరూ సల్లగుండాల" అని చొక్కా గుండీలు పెట్టుకుని, ఇలియాస్ తలుపు దాకా తోడొస్తానన్నా వద్దని వెళ్లిపోయాడు.

వసుమతి ఇలియాస్ వైపు తిరిగింది. "ప్రోగ్రాముల కోసం కట్టిన గూట్లో మనిషిని పెట్టాలన్న ఆలోచన నీకెలా వచ్చింది?"

అతను తలవంచుకున్నాడు. "గూళ్ల జాబితా తెరవండి మేడమ్. మనుషుల పేర్లున్నవి మాత్రం."

తెరిచింది. రెండే ఉన్నాయి. మొదటిది వసుమతి. రెండోది జోగినాథం, ఈ కేంద్రానికి డైరెక్టరు. కట్టినవారు వసుమతి, ఆరేళ్ల కింద.

ఆమె మరిచిపోలేదు, తలుచుకోవడం మానేసిందంతే. ఆయన ప్రతి పనికీ అడ్డం పడి, ఫైళ్లు వారాల తరబడి తొక్కిపట్టేవాడు. అందుకని ఆయన గది గోడకు ఒక గూడు కట్టింది. ఆరేళ్లుగా ఆయన అందులో ఆమోదాలు నొక్కుతున్నాడు, తిరస్కరిస్తున్నాడు, హెచ్చరికలు పంపుతున్నాడు. అవేవీ ఆ గది దాటి రావడం లేదు.

"ఆ కమాండు చూసే నేర్చుకున్నాను" అన్నాడు ఇలియాస్.

వసుమతి సిగ్గుతో తన పేరు పక్కన 'తీసెయ్' అని టైపు చేసింది. ఆ గూడు జాబితాలోంచి పోయింది.

"రెండోది కూడా తీసెయ్యమంటారా?" అని గోడలోంచి సహాయి అడిగింది.

ఆమె నోరు తెరిచేలోగా జోగినాథం ఫోన్ వచ్చింది. "వసుమతి గారూ, ఆ పెద్దాయన గండం గడిచిందట కదా. పన్నెండింటికల్లా నేను ఆమోదం నొక్కాను కాబట్టి సరిపోయింది. ఓ గంట ఆలస్యం చేసుంటే ఏమయ్యేదో చూడండి."

ఆయన గొంతులో సంతోషం చిన్నపిల్లాడి సంతోషంలా ఉంది. "అవును సార్, మీరు నొక్కబట్టే" అంది వసుమతి, ఫోన్ పెట్టేసింది.

సహాయి మళ్లీ అడిగింది. ఆమె వేళ్లు కీబోర్డు మీద కాసేపు ఆగి, 'వద్దు' అని టైపు చేశాయి.

"ఆయన రిటైరవడానికి ఇంకా రెండేళ్లే ఉంది" అంది ఇలియాస్ మొహం చూడకుండా. "ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకు?"

"నేనూ అదే అనుకున్నాను మేడమ్" అన్నాడు ఇలియాస్.