దానిమ్మ గింజ రంగు

ఆ ఆదివారం పొద్దున వైకుంఠం అందరికంటే ముందే లేచాడు. దబీర్‌పురాలో గిన్నెలకు కళాయి వేసే మనిషి. మాసిన లోహం కంటబడితే అతని చెయ్యి ఊరుకోదు. కూతురు సావిత్రి కిటికీలో పెట్టుకున్న బూడిదరంగు రేకును ఉప్పుకాగితంతో గంటసేపు రుద్ది, తళతళలాడించి, ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

సావిత్రి దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

"బాపూ, దీన్ని ఎవ్వలు తోమిండ్రు?"

"నేనే తోమిన. రేపు మీ సార్ ముంగట మురికి రేకు పెడ్తవా?"

"అది మురికి గాదు. టైటానియం మీద ఆక్సైడు పొర. ఎండ తాకితే నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీసేది ఆ పొరనే."

యూనివర్సిటీలో ఎండలాంటి వెలుగిచ్చే దీపం పాడైపోవడంతో, ఎండలో ప్రయోగం చేద్దామని ఆమె సామానంతా ఇంటికి మోసుకొచ్చింది. రేపు ప్రొఫెసర్‌కు గొట్టంలో వాయువు చూపించకపోతే రీసెర్చి అక్కడితో సరి. రేకును మళ్ళీ కాల్చాలంటే కరెంటు కొలిమి కావాలి. ఆదివారం ఆ గదికి తాళం.

"రెండు నెలల పని పోయింది. లోహం గురించి నీకేం దెల్సు బాపూ?"

నలభై ఏళ్ళుగా లోహంతోనే బతికిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? వైకుంఠం చాయ్ ముట్టకుండా వాకిట్లో తన కొలిమి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"నాలుగు దినాల సంది అడుగుతుండు, బిడ్డ ఏం జేస్తున్నదే అని," అంది తల్లి శారదమ్మ మెల్లగా. "నువ్వు చెప్తే గదా మాకు తెలిసేది. ఆయనకు చేతనయింది ఆయన జేసిండు."

సావిత్రికి సిగ్గేసింది. రెండేళ్ళలో ఒక్కసారైనా తండ్రికి తన పని చెప్పలేదు. ఆయనకు అర్థం కాదని తనే తేల్చేసుకుంది. కళ్ళు తుడుచుకుని వాకిట్లోకి వెళ్ళింది.

"తప్పయింది బాపూ."

వైకుంఠం తలెత్తలేదు. "మళ్ళ కాలిస్తే ఆ పొర వస్తదా?"

"వస్తది. ఏడు వందల డిగ్రీలు ఉండాలె."

"నంబర్లు నాకెర్క లేదు. రంగు జెప్పు."

కరెంటు కొలిమి కంతలోంచి చూసిన రంగు ఆమెకు గుర్తుంది. "దానిమ్మ గింజ రంగు."

"గట్ల జెప్పు మరి."

నిప్పుల మీద పెంకు, పెంకు మీద రేకు పెట్టి, తిత్తి ఊదుతూ ఆ రంగును తగ్గనీయకుండా, పెరగనీయకుండా నిలబెట్టాడు. చల్లారాక చూస్తే రేకు మీద బూడిదరంగు పొర సమంగా పరుచుకుని ఉంది.

మిట్టమధ్యాహ్నం డాబా మీద, రేకును గాజుపాత్రలో నిలబెట్టి ఎండకు తిప్పింది. తీగతో కలిపిన ప్లాటినం ముక్క మీద కాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి. రెండూ పైన బోర్లించిన గొట్టంలోకి చేరాయి.

"గింతేనా?"

"ఇప్పటికి గింతే బాపూ. ఇది మండితే పొగ రాదు. మళ్ళ నీళ్ళే అయితది."

బొగ్గు పొగకు మొదలైన దగ్గు ఆపుకుంటూ వైకుంఠం నవ్వాడు. "నలభై ఏండ్ల సంది పొర గీకుడే నేర్సుకున్న బిడ్డా. ఉంచుకునే పొర గూడ ఉంటదని ఎవ్వలు జెప్పలే."

"నేను జెప్పాల్సింది," అంది సావిత్రి. ఆ సాయంత్రమంతా కూర్చుని చెప్పింది.

సోమవారం ప్రొఫెసర్ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, రేకును ఏ కొలిమిలో కాల్చావని అడిగాడు.

"మా బాపు కొలిమిల సార్," అంది సావిత్రి. ఆయన నవ్వి, ఆ మాటే నోట్‌బుక్‌లో రాసుకొమ్మని, పని కొనసాగించమన్నాడు.