తెంపని ట్యాగు

విమానాల వాళ్లు సామాను పోగొడితే ఎవరైనా తిట్టుకుంటారు. నేను మాత్రం ఆ రోజును తలుచుకుని ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ రోజు మాత్రం దండం పెట్టలేదు లెండి. కౌంటర్ మీద చెయ్యి బాదాను.

శుక్రవారం మధ్యాహ్నం. అందరి సూట్‌కేసులూ వచ్చాయి, అందరూ తీసుకుని వెళ్లిపోయారు, చివరికి బెల్టు కూడా ఆగిపోయింది. నా నీలం బ్యాగు జాడ లేదు. సామాను రాని వాళ్ల కౌంటర్ దగ్గరికి పరిగెత్తాను. అక్కడొక అమ్మాయి జడలో ఒక పెన్ను గుచ్చుకుని, బల్లంతా పెన్ను కోసం వెతుకుతోంది.

"బ్యాగులో ఏముంది సార్?"

"కాలు."

ఆమె వెతకడం ఆపింది. "ఏం కాలు?"

"ఎడమ కాలు. ఆడవాళ్లది. మోకాలి కింద నుంచి."

ఆమె కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. "ఆవిడ... ఇప్పుడెక్కడున్నారు?"

"ఇంట్లో కూర్చుని దానికోసం ఎదురుచూస్తోంది. మా అత్తయ్య."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. నేను పనిచేసేది వేరే ఊళ్లో, కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాప్‌లో. అక్కడ మేం వాటిని ఉత్త కాళ్లనే అంటాం. పొద్దస్తమానం 'ఆ కాలు ఇటివ్వు, ఈ కాలికి స్క్రూ బిగించు' అనుకుంటూ బతికేవాడికి, వినేవాళ్లు హడలిపోతారన్న జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

విషయం చెప్పాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అప్పుడే చెయ్యి బాదాను.

"నవ్వకండి. మా అత్తయ్య లెక్కల టీచరు. యాక్సిడెంటై ఎనిమిది నెలలైంది. సెలవులన్నీ అయిపోయాయి. సోమవారం తొమ్మిదింటికి వెళ్లి క్లాసులో నిలబడకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అమ్మానాన్నా లేని నన్ను పెంచింది ఆవిడే. మా వర్క్‌షాప్‌కొచ్చి ట్రయల్ కాలితో నడక నేర్చుకుంది. ఆవిడకోసం రెండు నెలలు కూర్చుని చేసిన అసలు కాలు అది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "తప్పైపోయింది, క్షమించండి. ఇప్పుడు నేను చెప్పేది వినండి. రిపోర్టు రాయించకుండా ఈ హాలు దాటొద్దు. దాటిపోయాక బ్యాగు రాలేదంటే నమ్మించడం కష్టం. రిపోర్టు నంబరు కాగితం మీద తీసుకోండి. బోర్డింగ్ పాసు, బ్యాగు చీటీ పారేయొద్దు. ఈలోపు ఏదైనా అవసరమై కొనుక్కుంటే బిల్లులు దాచుకోండి, అడిగే హక్కు మీకుంది. బ్యాగు దొరికాక ఇంటికి చేర్చాల్సింది కూడా మేమే. ఎవరైనా 'చూస్తాంలెండి' అంటే ఊరుకోకండి, రాసిమ్మనండి."

"మీరు ఆ కంపెనీ మనిషే కదా. ఇవన్నీ నాకెందుకు చెప్తున్నారు?"

ఆమె వేలెత్తి చూపించింది. ప్రయాణికుల హక్కుల బోర్డు గోడమీద, దాదాపు సీలింగుకి ఆనుకుని ఉంది. "కిందికి దించమని మూడుసార్లు చెప్పాను. నిచ్చెన లేదన్నారు. అందుకని వచ్చినవాళ్లందరికీ నేనే చదివి వినిపిస్తున్నా."

అంత మంచి మనిషికి థాంక్స్ కూడా చెప్పకుండా, రిపోర్టు లాక్కుని వచ్చేశాను.

శనివారం పొద్దున్నే ఫోను.

"కాలు గారేనా?"

"ఎవరండీ?"

"బ్యాగుల కౌంటర్. మా ఆఫీసంతా మిమ్మల్ని ఇలాగే అంటున్నారు, నన్నేం చేయమంటారు? సరే, ఒక్క సంగతి చెప్పండి. మీ బ్యాగు పిడికి ఎన్ని ట్యాగులున్నాయి?"

"నాలుగు."

"నాలుగా?"

"నిన్నటిదొకటి, పాత ప్రయాణాలవి మూడు. మేం ట్యాగులు తెంపం."

అది మా గురువుగారి కట్టడి. వర్క్‌షాప్‌లో ప్రతి కాలికీ నంబరు రాసిన ట్యాగు కడతాం. అది చేరాల్సిన మనిషికి చేరేదాకా దానికి కత్తెర తగలకూడదు. చేరిన కొత్తలో ఒకటి తెంపేశానని ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ చొక్కా ట్యాగైనా సరే, నా చెయ్యి తెంపనంటుంది.

"అయ్యో మహానుభావా," అందామె. "మా మెషీను పాత ట్యాగు చదివేసింది. మీరు ఇదివరకు వెళ్లిన ఏ ఊరికో మీ కాలు ఒంటరిగా వెళ్లిపోయి ఉంటుంది."

నేను మెట్లమీద కూలబడ్డాను. తప్పంతా నాది. అరిచింది ఆమె మీద.

"రిపోర్టులో ఉన్నదున్నట్టు రాసేయండి," అన్నాను.

"రాస్తాను. బ్యాగు తీసుకునేటప్పుడు పాత ట్యాగులు చూసి తీసేయాల్సింది మావాళ్లు. అది కూడా రాస్తాను. తప్పంతా మీరొక్కరే మూటగట్టుకుంటానంటే కుదరదు."

"థాంక్సండీ. నిన్నటిది కూడా కలిపి."

"నిన్నటిది విడిగా చెప్పాలి."

"థాంక్స్."

"ఆ, ఇప్పుడు సరిపోయింది."

ఫోను పెట్టేసరికి చంకకర్రల మీద అత్తయ్య గుమ్మంలో ఉంది. "ఎవర్రా?"

"బ్యాగు గురించి అత్తా."

"బ్యాగు పోయినవాడి మొహం అలా వెలిగిపోదురా."

ఆ రోజు ఆమె మరో నాలుగుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లు బ్యాగు గురించి. నాలుగోసారి, టీచర్ గారు కోప్పడతారా అని అడగడానికి. తనకి చిన్నప్పట్నుంచీ లెక్కలంటే హడలట.

ఆదివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసింది, బ్యాగు దొరికిందట. కానీ సోమవారం ఆరింటి విమానంలో వస్తుంది, ఇళ్లకి చేర్చే వ్యాను పదింటికి గానీ బయల్దేరదు. తొమ్మిదింటికి బడి.

"నేనే వచ్చి తీసుకుంటాను."

"మీరొచ్చి, కాగితాలు చూపించి, లోపలికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. మీరు ఆవిణ్ణి సిద్ధంగా ఉంచండి. విమానం దగ్గర్నుంచి నేను పట్టుకొస్తా."

"మీ డ్యూటీ?"

"రేపు నాకు సెలవు."

సోమవారం ఏడుంబావుకి వాకిట్లో టాక్సీ ఆగింది. ఆమె దిగింది. యూనిఫాం లేదు. నా నీలం బ్యాగు రెండు చేతులా పొదివి పట్టుకుంది. జడలో పెన్ను మాత్రం అలాగే ఉంది.

కాలు తొడిగి స్క్రూలు బిగించాను. అత్తయ్య లేచింది. ఒక అడుగు. రెండు. హాలు ఆ చివరిదాకా వెళ్లి, గోడ పట్టుకుని, అటే తిరిగి నిలబడిపోయింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "చాక్‌పీసుల డబ్బా ఎక్కడ పెట్టావురా?" అని నన్ను కసిరింది.

నేను ఆ అమ్మాయికి చేతులు జోడించాను. అంత కృతజ్ఞత జన్మలో ఎవరి పట్లా కలగలేదు.

ఆమె కంగారుగా ఒక కాగితం తీసి ముందు పెట్టింది. 'సామాను ఏ స్థితిలో అందినది' అని ఉంది. అత్తయ్య దాన్ని లాక్కుని, 'నడుస్తున్నది' అని రాసి, అలవాటు కొద్దీ టిక్కు పెట్టి, పక్కన నూటికి నూరు వేసింది.

నేను కత్తెర తెచ్చి ట్యాగులు తెంపడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది కొత్తది. ఆమె అక్కడివాళ్లకి ఫోన్ చేసి చేత్తో రాయించిందట. 'టీచర్ గారి కాలు. ముందు దీన్ని దించండి.' కత్తెర ఆగిపోయింది.

"అదీ తెంపేయండి. చేరిపోయింది కదా," అందామె.

"కాలు చేరింది. నేను చెప్పాల్సిన మాట ఇంకా చేరలేదు."

"ఏం మాట?"

"మీరంటే ఇష్టం. బ్యాగు దొరికిందని చెప్పగానే, ఇక మీ ఫోను రాదేమోనని దిగులేసింది."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. జడలోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. "రాసివ్వండి. నోటిమాటలు నేను నమ్మను."

"మరి మీ జవాబు?"

"శనివారం ఆ చివరి ఫోను ఎందుకు చేశాననుకున్నారు? నాకు లెక్కలతో ఏం పని?"

గుమ్మం దగ్గర చెప్పు సరిచేసుకుంటున్న అత్తయ్య వెనక్కి తిరగకుండానే అంది. "అమ్మాయ్, మీ ఇల్లెక్కడో ఆ కాగితం మీద రాసిపెట్టు. సాయంత్రం బడి వదలగానే మీ అమ్మానాన్నలతో మాట్లాడటానికి వస్తాను."

"ఎందుకు టీచర్ గారూ, మావాళ్లనే రమ్మంటాను."

"వద్దు. అడగాల్సింది మేము. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఒకరింటికి నడిచి వెళ్తున్నాను, అది మీ ఇల్లే కానివ్వు."

ఇద్దరం గేటు దగ్గర నిలబడి, వీధి చివరి బడిదాకా ఆవిడ నడిచి వెళ్లడం చూశాం. ఆవిడ ఒక్కసారి కూడా ఆగలేదు.