గంగామణి ఒడిబియ్యం

పొద్దున్నే భూమవ్వ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాయ్‌లో చక్కెర తక్కువైందని లింబయ్య గొణిగాడు.

"చుట్టూత చెరుకు తోటలే గదా, ఓ గడ తెచ్చి పిండుకోరాదు?" అంది భూమవ్వ.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే లింబయ్యకు బయట ఎంత గొంతున్నా, ఇంట్లో భార్యదే పైచేయి. ఒక్క విషయంలో తప్ప. ఆ విషయం మీదే శంకరమ్మ ఆ పొద్దున గడపలోకి వచ్చింది. ఇల్లు విడిచి పోయిన వాళ్ల బిడ్డకు ఇంత అన్నం పెట్టి, కన్నతల్లిలా చూసుకున్న హిజ్రా ఆమె.

"అవ్వా, మాపటీలి మీటింగ్ పెడుతున్నం. దుర్మార్గులు సంపిన మా పిల్లలందరి ఫొటోలు పెట్టి దీపాలు ముట్టిస్తం. గంగామణి దీపం మీరిద్దరే ముట్టియ్యాలె."

లింబయ్య గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "గంగామణి ఎవలు? మాకున్నది గంగారాం. వాడు పోయినేడు సచ్చిపోయిండు. గంతే."

శంకరమ్మ వెళ్లిపోయింది. భూమవ్వ చాట పక్కకు పెట్టింది.

"బోధన్ రోడ్డు మీద నా బిడ్డను కొట్టి సంపినోళ్లు దొరికితే నరుకుతనంటవు. మరి నువ్వు జేసిందేంది?"

"నేనేం జేసిన?"

"ఆఖరుసారి ఇంటికొచ్చి ఏమడిగింది? జాగ అడిగిందా, బంగారం అడిగిందా? ఆడబిడ్డలందరికీ పుట్టింటోళ్లు ఒడిబియ్యం పోస్తరు, నాకూ పొయ్యుండ్రి బాపూ అన్నది. నువ్వేం జేసినవ్?"

లింబయ్య తల దించుకున్నాడు. ఆ రోజు అతను నవ్వాడు. మొగపిలగానికి ఒడి యాడిదని నవ్వాడు. చాచిన కొంగు మెల్లగా వెనక్కి తీసుకుని, "జర పైలం బాపూ" అని గంగామణి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"వస్తె రా, లేకుంటె లేదు. నా బిడ్డను బిడ్డ అనుకునేటందుకు ఎవ్వల్నీ అడగ," అంది భూమవ్వ కళ్లు తుడుచుకుంటూ. లింబయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

సాయంత్రం చిన్న హాల్లో ఫొటోలన్నీ వరసగా పెట్టి మల్లెపూల దండలు వేశారు. ఆకుపచ్చ చీరలో గంగామణి నవ్వుతోంది. ముక్కు అచ్చం లింబయ్యదే. భూమవ్వ అగ్గిపుల్ల గీయబోయింది.

"ఆగు, నేనొస్తున్న."

గుమ్మంలో లింబయ్య! చేతిలో తువ్వాలు కప్పిన గిన్నె, పైన రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు. తువ్వాలు తీస్తే బియ్యం పచ్చగా మెరిసిపోతున్నాయి.

"గింత పసుపు ఎవలు గలుపుతరయ్యా?" అంది భూమవ్వ. ఏడుపులోనూ నవ్వొచ్చింది పాపం.

"నాకేం దెల్సు? నా బిడ్డకు తక్కువ గావద్దనుకున్న."

"సచ్చిపోయినోళ్లకు ఒడిబియ్యం పొయ్యరన్నా," అన్నారెవరో వెనక నుంచి.

లింబయ్య బిత్తరపోయి ఫొటో వైపు చూశాడు. తర్వాత శంకరమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు కొంగు పట్టు శంకరమ్మా. మేం కాదంటె నా బిడ్డను కడుపుల పెట్టుకున్నవు. గామె బియ్యం నీ ఒడిలనే పోస్తం."

శంకరమ్మ వెనక్కి తగ్గింది. "నాకు పుట్టిల్లే లేదన్నా. నా ఒడి ఎన్నడూ ఎవ్వలూ నింపలే."

"ఇయ్యాల్టి సంది ఉన్నది," అన్నాడు లింబయ్య.

మొగుడూ పెళ్లాలిద్దరూ దోసిళ్లతో బియ్యం పోశారు. ఆనవాయితీ ప్రకారం పుట్టిల్లు చల్లగా ఉండాలని శంకరమ్మ పిడికెడు తీసి భూమవ్వ కొంగులో వేసింది. శంకరమ్మ కన్నీళ్లు బియ్యంలో పడుతూనే ఉన్నాయి.

లింబయ్య దీపం ముట్టించి, పసుపంటిన వేళ్లతో ఫొటోలోని చెంపలు తడిమాడు. ఇంట్లో ఏనాడూ పలకని పేరు హాలంతా వినబడేలా పిలిచాడు.

"బిడ్డా గంగామణీ! ఆనాడు నవ్విన, తప్పయింది. ఒడిబియ్యం తెచ్చిన సూడు బిడ్డా... బాపు వచ్చిండే!"